వీధిలో ఇల్లు తక్కువకి పోయింది, మరి మన ఇంటి సంగతి?

ప్రశ్న: మూడేళ్ల కిందట ఇల్లు కొన్నాం. ధరలో 20 శాతం మా పొదుపు, మిగతా 80 శాతం బ్యాంకు అప్పు, 20 ఏళ్ల కాలానికి. మా వీధిలో ఇళ్లన్నీ ఒకే బిల్డర్ కట్టినవి, అన్నీ ఒకే నమూనా. మొన్న మాకు నాలుగిళ్ల అవతల ఉన్న ఇల్లు మేం కొన్న ధరకంటే 10 శాతం తక్కువకి అమ్ముడుపోయింది. ఆ రోజు నుంచి మావారికి నిద్ర లేదు. రోజూ రాత్రి ఫోన్‌లో మా ఇంటి ధర ఎంత చూపిస్తోందో చూస్తారు. పెరిగితే మామూలుగా ఉంటారు, తగ్గితే ఆ పూట మాట్లాడరు. ఇంకా పడిపోకముందే అమ్మేద్దాం అంటారు ఒకరోజు. వంటగది మొత్తం కొత్తగా చేయించి ధర పెంచుకుందాం అంటారు ఇంకోరోజు. పడకగది పైకప్పు మూలలో ఒక చెమ్మ మచ్చ కనిపిస్తోంది. అమ్మేదీ లేనిదీ తేలాక చూద్దామని దాన్ని వదిలేశాం. ఇల్లు కొంటే ధర పెరుగుతూనే ఉంటుందని అందరూ చెప్పారు. మాకే ఎందుకిలా అయింది? ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కంగారుపెట్టింది ఆ 10 శాతం కాదు, ఆ చెమ్మ మచ్చ. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు మీవారి నిద్ర సంగతి చూద్దాం.

ఇళ్లకు విలువ కట్టే పనిలో నేను చాలా ఏళ్లు ఉన్నాను. బ్యాంకు అప్పు ఇచ్చే ముందు ఇంటికి వెళ్లి చూసి, ఇది ఇంత చేస్తుంది అని రాసిచ్చే పని. ఆ పనిలో మొదట నేర్పేది ఏమిటంటే, ఒక్క అమ్మకాన్ని చూసి ధర తేల్చకూడదని. కనీసం మూడు, వీలైతే అయిదారు అమ్మకాలు చూడాలి. ఒక్కోదానికీ మన ఇంటికీ తేడాలు లెక్కగట్టాలి. మీ వీధిలో ఆ ఇల్లు ఎందుకు తక్కువకి పోయిందో మీకు తెలుసా? అమ్మినవాళ్లు ఉద్యోగం మారి నెలలోపు ఖాళీ చేయాల్సి వచ్చి ఉండొచ్చు. అన్నదమ్ముల మధ్య పంపకం అయి ఉండొచ్చు. కిస్తీలు కట్టలేక వచ్చిన ధరకి ఇచ్చేసి ఉండొచ్చు. లోపల గోడలు పెచ్చులు ఊడిపోయి ఉండొచ్చు. తొందరలో అమ్మినవాడి ధర ఆ తొందరకి పడిన ధర, వీధి మొత్తానికి అదే ధర అనుకోకూడదు. మీవారిని ఒకసారి వెళ్లి కనుక్కోమనండి: ఆ ఇల్లు ఎన్ని నెలలు అమ్మకానికి ఉంది, మొదట ఎంత చెప్పారు, ఎంతమంది చూశారు. ఈ మూడూ తెలిస్తే ఆ అంకె మీద మీకు సగం భయం పోతుంది. లేదా, నిజంగానే మీ వీధిలో ధరలు తగ్గాయని తేలుతుంది. ఏదైనా ఇప్పుడున్న ఊహ కంటే మంచిదే.

ఫోన్‌లో రోజూ కనిపించే అంకె సంగతి ఇంకా వేరు. అది చుట్టుపక్కల జరిగిన అమ్మకాలు, విస్తీర్ణం, గదుల సంఖ్య లాంటివి కలిపి కంప్యూటర్ వేసే అంచనా. మీ ఇంట్లోకి అది ఎప్పుడూ రాలేదు. మీ పడకగది మూలలో మచ్చ ఉందని దానికి తెలియదు, మీ ఇంటికి పొద్దున పూట మంచి వెలుతురు వస్తుందనీ తెలియదు. అమెరికాలో జిల్లో అనే కంపెనీ ఇలాంటి అంచనాలకు పెట్టింది పేరు. ఆ కంపెనీ స్వయంగా ఇళ్లు కొని, బాగుచేసి, అమ్మే వ్యాపారంలోకి దిగింది. ఇళ్ల ధరలను ముందుగా ఊహించడం తాము అనుకున్నదానికంటే చాలా కష్టంగా ఉందని చెప్పి 2021లో ఆ వ్యాపారాన్ని మూసేసింది. అంత సమాచారం, అంతమంది ఇంజనీర్లు ఉన్నవాళ్లే చేతులెత్తేశారు. అలాంటప్పుడు నిన్నటికీ ఇవాళ్టికీ ఆ అంకెలో వచ్చిన తేడా చూసి మీ ఇంట్లో మాటలు ఆగిపోవడం నాకు బాధగా ఉంది. ఆ యాప్ తీసేయమనండి. ఏడాదికి ఒకసారి, ఒక రోజు పెట్టుకుని, ఆ ఏడాది దగ్గర్లో జరిగిన నిజమైన అమ్మకాలు ఇద్దరూ కలిసి కనుక్కోండి. అది చాలు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, ఇల్లు కొన్నాక ధర ఎలా మారుతుంది అన్నది.

ఇల్లు అని మనం ఒకే మాట అంటాం గానీ అందులో రెండు వేర్వేరు వస్తువులు ఉన్నాయి. కింద భూమి, పైన కట్టడం. కట్టడం కొన్న రోజు నుంచి పాతబడుతూనే ఉంటుంది. రంగు వెలుస్తుంది, పైపులు తుప్పు పడతాయి, మోటారు అరుగుతుంది, తలుపులు వంగుతాయి. ఏ దేశంలోనైనా, ఎంత ఖరీదైన ఇంటికైనా ఇది తప్పదు. పెరిగితే పెరిగేది భూమి. ఎందుకంటే రోడ్డుకీ బడికీ ఉద్యోగాలకీ దగ్గరగా ఉన్న స్థలాన్ని కొత్తగా తయారుచేయలేం. జనం "మా ఇంటి ధర పెరిగింది" అంటున్నప్పుడు చాలాసార్లు జరిగేది ఇదే. కట్టడం తరిగిపోతున్నదానికంటే భూమి వేగంగా పెరిగింది. జపాన్‌లో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ పన్నుల లెక్కలో చెక్క ఇంటి ఆయుష్షు 22 ఏళ్లు. ఆ వయసు దాటిన చాలా ఇళ్లను కొనేవాళ్లు కట్టడానికి దాదాపు ఏమీ ఇవ్వకుండా, స్థలం ధరకే కొంటారు. వేరే దేశాల్లో కట్టడం ఇంత త్వరగా విలువ కోల్పోదు, కానీ దిశ అదే. అందుకే కొనేటప్పుడు మీరు కట్టిన ధరలో భూమి వాటా ఎంత, కట్టడం వాటా ఎంత అన్నది ఒకసారి లెక్క వేసుకోండి. భూమి వాటా తక్కువ ఉన్న ఇల్లు ముందు ముందు నెమ్మదిగా పెరుగుతుంది.

దీనికి తోడు, కొత్త ఇంటికి కొత్తదనపు ధర ఒకటి ఉంటుంది. మొదటి యజమాని ఆ కొత్తదనానికి డబ్బు ఇస్తాడు, రెండో యజమాని ఇవ్వడు. మీరు గృహప్రవేశం చేసిన మర్నాడే అది పోయింది. రిజిస్ట్రేషన్ ఖర్చులు, బ్యాంకు ఫీజులు, బ్రోకరు కమీషన్ కూడా అంతే, పెట్టిన రోజే పోయినవి. అమ్మేటప్పుడు మళ్లీ కొన్ని ఖర్చులు. రెండువైపులా కలిపి మీకు 8 శాతం అయిందనుకుందాం. అంటే ధర 8 శాతం పెరిగితే గానీ మీరు పెట్టింది మీకు తిరిగి రాదు. మూడేళ్లలో చాలామంది ఇంకా ఈ గుంట పూడ్చుకుంటూనే ఉంటారు. మీకే ఎందుకిలా అన్నారు కదా, మీకే కాదమ్మా. మొదటి అయిదేళ్లలో అమ్మాలనుకున్నవాళ్లలో చాలామందికి ఇదే అనుభవం. వాళ్లు బయటకు చెప్పుకోరు, అంతే.

మీ విషయంలో నాకు ఇంకో అనుమానం ఉంది. వీధి మొత్తం ఒకే బిల్డర్ కట్టాడన్నారు. ఆ బిల్డర్ దగ్గర ఇంకా అమ్ముడుపోని ఇళ్లు ఉన్నాయేమో చూడండి. లేదా పక్కనే రెండో విడత కడుతున్నాడేమో, దగ్గర్లో ఇంకెవరైనా ఇలాంటివే కడుతున్నారేమో కనుక్కోండి. ఇది చాలా పెద్ద కారణం, జనం పట్టించుకోని కారణం. కొత్త ఇల్లు పక్కనే దొరుకుతుంటే, అదే ధరకి మూడేళ్లు వాడిన ఇల్లు ఎవరు కొంటారు? పైగా బిల్డర్ మిగిలినవి వదిలించుకోవడానికి మాడ్యులర్ కిచెన్ ఉచితం, రిజిస్ట్రేషన్ ఖర్చు మాదే అంటూ తాయిలాలు ఇస్తాడు. పైకి ధర తగ్గించడు, లోపల తగ్గిస్తాడు. ఆ దెబ్బ మీలాగా ముందే కొన్నవాళ్ల మీద పడుతుంది. ఇలాంటి కాలనీలు నేను చాలా చూశాను. చివరి ఇల్లు అమ్ముడుపోయి, బిల్డర్ బోర్డు తీసేసి, చెట్లు కాస్త ఎదిగి, రోడ్డు మీద సిమెంటు లారీలు తిరగడం ఆగేదాకా ధరలు నిద్రపోతూ ఉంటాయి. ఆ తర్వాత మెల్లగా లేస్తాయి. మీ వీధిలో కారణం ఇదే అయితే మందు కూడా కాలమే, అమ్మకం కాదు.

ఇంకో కారణం వడ్డీ రేటు. మీరు కొన్నప్పటికంటే ఇప్పుడు వడ్డీ ఎక్కువగా ఉందా? ఉంటే ఈ లెక్క చూడండి. కొనేవాళ్లు ఇంటి ధర చూసి కొనరు, నెలకు ఎంత కట్టగలమో చూసి కొంటారు. 20 ఏళ్ల అప్పు మీద వడ్డీ 7 శాతం నుంచి 9 శాతానికి పెరిగితే, అదే కిస్తీ కట్టగలిగే మనిషికి దొరికే అప్పు దాదాపు 14 శాతం తగ్గిపోతుంది. అతని జీతం తగ్గలేదు, మీ ఇల్లు పాడవలేదు, అయినా అతను మీకు ఇవ్వగలిగింది తగ్గింది. వడ్డీ తగ్గినప్పుడు ఇదే లెక్క తిరగబడి ధరలు ఎగబాకుతాయి. ఇందులో మీ తెలివీ లేదు, మీ తప్పూ లేదు.

అందరూ చెప్పిన మాట దగ్గరికి వద్దాం. ఇల్లు కొంటే ధర పెరుగుతూనే ఉంటుందా? చరిత్ర అలా చెప్పదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో హేరెన్‌గ్రాఖ్ట్ అనే కాలువ గట్టున వందల ఏళ్లుగా ధనవంతుల ఇళ్లు ఉన్నాయి. అవే ఇళ్లు తరతరాలుగా చేతులు మారుతూ వచ్చాయి కాబట్టి, 1628 నుంచి 1973 దాకా వాటి ధరలను పీట్ ఐఖోల్ట్స్ అనే ఆర్థికవేత్త ఒక వరుసలో పెట్టి చూశారు. ద్రవ్యోల్బణం తీసేస్తే, ఆ దాదాపు మూడున్నర శతాబ్దాల్లో ధరలు సుమారు రెండింతలయ్యాయి, అంతే. మధ్యలో యుద్ధాలకీ అంటురోగాలకీ బాగా పడ్డాయి, మళ్లీ లేచాయి. జపాన్ నగరాల్లో భూమి ధరలు 1991 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత పదేళ్లకు పైగా పడుతూనే వచ్చాయి. అమెరికాలో 2006 నుంచి 2012 దాకా సగటున పావు వంతుకు పైగా పడి, తిరిగి పాత అంకెకి చేరడానికి 2016 దాకా పట్టింది. ఐర్లాండ్‌లో 2007 తర్వాత సగానికి పైగా పడిపోయాయి, పాత శిఖరాన్ని అందుకునేసరికి 2022 వచ్చింది. ఇవి చెప్పి భయపెట్టాలని కాదు. ధర కొన్నేళ్లు తగ్గడం, కొన్నేళ్లు కదలకుండా ఉండడం ఇళ్ల విషయంలో మామూలే అని మీవారికి తెలియాలి. తగ్గిన ఆ ఏళ్లలో బాగా దెబ్బతిన్నది, అదే సమయంలో అమ్మాల్సి వచ్చినవాళ్లు. కిస్తీ కట్టుకుంటూ అదే ఇంట్లో ఉన్నవాళ్లలో చాలామంది ఆ కాలాన్ని దాటేశారు.

పెరిగిందని చెప్పుకునే కథల్లో కూడా కొంచెం లెక్క సరిచూసుకోవాలి. "ఇరవై ఏళ్లలో మూడింతలైంది" అని ఎవరైనా అంటే గొప్పగా వినిపిస్తుంది. చక్రవడ్డీ లెక్కన అది ఏడాదికి 5.6 శాతం దగ్గర. అందులోంచి ఆ కాలపు ద్రవ్యోల్బణం, ఏటా పెట్టిన మరమ్మతులు, కట్టిన పన్నులు తీసేయండి. మిగిలేది మంచిదే కావచ్చు, కానీ అద్భుతం కాదు. ఇల్లు కొన్నవాళ్లకి దక్కే అసలు లాభం ఇంకోచోట ఉంది. అద్దె కట్టక్కర్లేదు, ఎవరూ ఖాళీ చేయమనరు, నెల నెలా కిస్తీ పేరుతో బలవంతంగా పొదుపు జరుగుతుంది. మీ మూడేళ్ల లెక్కలో మీవారు ఈ అద్దెను కలిపారా? మీలాంటి ఇంటికి మూడేళ్ల అద్దె ఎంతయ్యేదో ఒక కాగితం మీద రాయమనండి.

ఇప్పుడు మీ సొంత లెక్క. ఇల్లు 100 అనుకుందాం. మీరు పెట్టింది 20, అప్పు 80. వడ్డీ 8 శాతం అనుకుంటే మూడేళ్లలో మీరు కట్టిన కిస్తీలు మొత్తం 24 దాకా అవుతాయి. అందులో అసలు కింద జమ అయింది 5.5 మాత్రమే, మిగిలిన 18.5 వడ్డీకి పోయింది. మొదటి ఏళ్లలో అందరికీ ఇంతే, బ్యాంకు మిమ్మల్ని మోసం చేయలేదు. ఇప్పుడు మీ అప్పు 74.5. ఇల్లు నిజంగానే 90కి పడిపోయిందని అనుకున్నా మీ వాటా 15.5 ఉంది. అంటే ఇంటి ధర కంటే అప్పు ఎక్కువైపోయే ప్రమాదంలో మీరు లేరు. కానీ ఒక విషయం దాచను. మీరు అసలు రూపంలో పెట్టింది 25.5, అందులో 10 కాగితం మీద పోయింది. ఇల్లు 10 శాతం తగ్గితే మీ సొంత డబ్బు 39 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. మీవారికి నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే, ఆయన భయం ఉత్తది కాదు. అప్పు తీసుకుని కొన్నప్పుడు పెరుగుదలా తగ్గుదలా రెండూ మన వాటా మీద ఇలా పెద్దవిగానే పడతాయి. ధర 110 అయి ఉంటే మీ వాటా 35.5 అయ్యేది, అప్పుడు ఆయన ఎంత సంతోషంగా ఉండేవారో ఊహించండి. రెండూ అమ్మేదాకా కాగితం మీదివే.

అమ్మేద్దామా అన్నారు. అమ్మి ఏం చేస్తారు? అదే ఊళ్లో ఇంకో ఇల్లు కొంటారా? కొంటే అక్కడా ధర తగ్గే ఉంటుంది. అసలు ఇది పెద్ద ఇంటికి మారాలనుకునేవాళ్లకు మేలే. మీ ఇల్లు 100, పెద్ద ఇల్లు 150 ఉన్నప్పుడు మీరు కలపాల్సింది 50. రెండూ 10 శాతం తగ్గితే 90కి అమ్మి 135కి కొంటారు, కలపాల్సింది 45. లేదా అమ్మేసి అద్దెకు వెళ్తారా? అప్పుడు అమ్మకం ఖర్చులు, మారే ఖర్చులు, అద్దె, అన్నీ ఆ 10 శాతం మీద అదనంగా పడతాయి. నేను అమ్మమని చెప్పేది రెండు మూడు సందర్భాల్లోనే. కిస్తీ మీ ఆదాయానికి మించి బరువైపోతే, పని కోసం తప్పనిసరిగా వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, ఆ ఇంట్లో, ఆ చుట్టుపక్కల ఉండడమే మీకు కష్టంగా ఉంటే. మీ ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు. ధర ఇంకా పడుతుందేమోనన్న భయం ఒక్కటే ఉంది. ఆ భయంతో అమ్మకండి.

ఒకవేళ ఎప్పటికైనా అమ్మాల్సి వస్తే మీరు కొన్న ధరను మనసులోంచి తీసేసి బేరానికి కూర్చోండి. కొనేవాడికి మీరు ఎంతకు కొన్నారన్నది అనవసరం. సొంతమైన వస్తువుకి మనం ఎక్కువ విలువ కడతామని 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు మామూలు కాఫీ కప్పులతోనే చూపించారు. కప్పు చేతికి వచ్చినవాళ్లు, దాన్ని కొనేవాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు రెండింతలు అడిగారు. కాసేపటి కిందట చేతికొచ్చిన కప్పుకే అలా ఉంటే, పిల్లలు నడక నేర్చుకున్న ఇంటికి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బోస్టన్ నగరంలో 1990లలో నష్టానికి అమ్మాల్సి వచ్చిన ఫ్లాట్ల యజమానులు ఎక్కువ ధర చెప్పి, ఎక్కువ కాలం ఎదురుచూశారని డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ చేసిన పరిశీలనలో తేలింది. కొన్నవైపు మనం, అమ్మేవైపు మనం ఒకే మనుషులం అయినా ఒకేలా ఆలోచించం.

ధర మీ చేతుల్లో లేదు, అప్పు మాత్రం ఉంది. మీవారి ఆరాటాన్ని అటు మళ్లించండి. ముందు ఆరు నెలల కిస్తీలకు సరిపడా డబ్బు విడిగా ఉందో లేదో చూసుకోండి. ఎప్పుడైనా ఆదాయం ఆగిపోయినా, పడిపోయిన ధరకి హడావుడిగా అమ్మాల్సిన పరిస్థితి రాకుండా కాపాడేది అదే. అది సమకూరాక, వంటగదికి పెడదామనుకున్న డబ్బులో కొంత అసలు కింద ముందుగా కట్టండి. పై లెక్కలోనే చూస్తే, ఇప్పుడు 5 ముందుగా కట్టి కిస్తీ అంతే ఉంచితే 26 నెలల కిస్తీలు తగ్గిపోతాయి. అంటే ఇవాళ కట్టిన 5కి, చివర్లో 17కి పైగా కట్టే పని తప్పుతుంది. అలా ముందుగా కడితే బ్యాంకు ఏమైనా చార్జీ వేస్తుందేమో, కాలం తగ్గిస్తుందా లేక కిస్తీ తగ్గిస్తుందా అన్నది రాతపూర్వకంగా కనుక్కోండి. కాలం తగ్గించమనే అడగండి.

వంటగది మీకు ఇష్టమై, మీరు రోజూ వండుకునే చోటు బాగుండాలని చేయించుకుంటే చేయించుకోండి, మంచిదే. ధర పెరుగుతుందని మాత్రం చేయించకండి. పెట్టిన డబ్బంతా అమ్మకంలో తిరిగి రావడం అరుదు. మీకు నచ్చిన రంగు, నచ్చిన అరలు కొనేవాళ్లకి నచ్చాలని లేదు. కొంతమంది వచ్చీరాగానే అన్నీ పీకేయిస్తారు కూడా.

ఇంటికి విలువ కట్టేవాడు, లేదా అనుభవం ఉన్న కొనుగోలుదారు, లోపలికి వచ్చాక ఏం చూస్తాడో చెప్తాను. హాల్లో షాండ్లియర్ చూడడు. తల పైకెత్తి శ్లాబు మూలలు చూస్తాడు. బాత్‌రూమ్ అవతలి గోడ మీద అరచేయి ఆనిస్తాడు, చల్లగా తగిలితే ఆగుతాడు. బీరువా తలుపు తీసి వాసన చూస్తాడు. నేల పలకల మీద నాణెంతో తడతాడు, కింద బోలుగా ఉంటే చప్పుడు మారుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు పోయిందేమో చూస్తాడు. ఒకసారి ఒకే వారంలో ఒకే వీధిలో రెండు ఇళ్లకు విలువ కట్టాను. ఒకే ఏడు కట్టినవి, ఒకే కొలతలు. మొదటి ఇంట్లో వంటగది అద్దంలా మెరుస్తోంది. ఆ ఇంటాయన ప్రతి అర లాగి చూపించారు. పడకగదిలో బీరువా గోడకి కాస్త ఎడంగా ఉంటే వెనక చేయి పెట్టి చూశాను. సున్నం పొడి పొడిగా చేతికొచ్చింది, దాని కింద ఇటుక తడిగా ఉంది. పైన డాబా మీదికి వెళ్తే, నీళ్లు పోయే గొట్టం నోట్లో ఎండుటాకులు, ఒక ప్లాస్టిక్ కవరు. అంతే. పిల్లవాడు చేత్తో తీసేయగలిగిన చెత్త. అది ఎన్నాళ్లుగానో అక్కడే ఉండి, నీళ్లు నిలిచి, గోడకీ శ్లాబుకీ మధ్య సందులోంచి దిగి, లోపలి ఇనుము తుప్పు పట్టడం మొదలైంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఆ పగులులోంచి ఇంకా నీళ్లు దిగుతాయి. రెండో ఇంట్లో వంటగది పాతదే. కానీ ఆ ఇంటావిడ ఒక నోటు పుస్తకం తెచ్చి చూపించారు, ఏ ఏడు డాబాకి పూత వేయించారు, ఎప్పుడు ట్యాంకు మార్చారు, ఎలక్ట్రీషియన్ ఎప్పుడు వచ్చాడు, బిల్లులతో సహా. రెండు ఇళ్లకూ నేను ఒకే విలువ రాయలేకపోయాను. మెరిసే వంటగది ఉన్న ఇంటికి రెండోదానికంటే పదో వంతు దాకా తక్కువ వేయాల్సి వచ్చింది. ఆయన మొహం నాకింకా గుర్తుంది.

మీరు వీధిలో పోయిందని బాధపడుతున్న 10 శాతం ఎంతో, మీ పైకప్పు మూల నుంచి పోగలిగింది కూడా అంతే. ఒకటి మీ చేతుల్లో లేదు, రెండోది ఉంది. అమ్మినా, ఉంచుకున్నా ఆ మచ్చ పని ముందు చేయించాలి. అమ్మేదీ లేనిదీ తేలాక అని దాన్ని ఆపకండి.

ఇవాళే ఒక పెన్సిల్ తీసుకుని, స్టూలు వేసుకుని, ఆ మచ్చ అంచు చుట్టూ గీత గీయండి. పక్కన తేదీ రాయండి. ఒక ఫోటో తీయండి. తర్వాత ఇద్దరూ డాబా ఎక్కి, ఆ మూలకి సరిగ్గా పైన ఏముందో చూడండి: నీళ్లు పోయే గొట్టమా, ట్యాంకు దిమ్మా, పిట్టగోడ మొదట్లో చీలికా. గొట్టం నోట్లో చెత్త ఉంటే తీసేయండి. వాన పడ్డాక మచ్చ గీత దాటిందేమో చూడండి. వాన లేకుండానే దాటితే అది వాన నీళ్లు కాకపోవచ్చు, ఏదో పైపో ట్యాంకో కారుతూ ఉండొచ్చు, ప్లంబర్‌ని పిలవండి. వానకే దాటితే, డాబా పనులు చేసే మేస్త్రీని పిలిచి, పైపైన పూత వేయకుండా ముందు చీలిక విప్పి చూపించమనండి. లోపలి ఇనుము కనిపిస్తోందా, తుప్పు పట్టిందా అని అడగండి. పట్టి ఉంటే మేస్త్రీతో ఆగకుండా ఇంజనీరుకి చూపించండి. లోపల మచ్చ మీద రంగు వేయించడం అన్నిటికంటే చివర, గోడ పూర్తిగా ఆరాకే. చేయించినదానికి బిల్లు తీసుకుని, ఆ ఫోటోతో కలిపి ఒక ఫైల్లో పెట్టండి. రాత్రిపూట ఫోన్ చూసే ఆ పది నిమిషాలూ మీవారికి ఈ ఫైలు పని అప్పగించండి. ఆ గీతని మచ్చ దాటిందో లేదో నాకు రాయండి.